విరళ మృత్తికలు లేని శాశ్వత అయస్కాంతాలు: నానో పదార్థాల మార్గం

నియోడిమియం, సమేరియం, డిస్ప్రోసియం వంటి విరళ మృత్తిక మూలకాలను వాడకుండా, పదార్థ నిర్మాణాన్ని నానోమీటరు స్థాయిలో అదుపు చేసి బలమైన శాశ్వత అయస్కాంతాలను తయారుచేసే ప్రయత్నం పదార్థ విజ్ఞానంలో ఒక ప్రధాన పరిశోధనా రంగం. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. పత్రికల్లో రేర్ ఎర్త్స్ పేరుతో కనిపించే ఈ మూలకాలకు బదులు ఇనుము, మాంగనీస్, నికెల్, కోబాల్ట్, నత్రజని, కర్బనం లాంటి వాటితో పని జరిపించడం దీని లక్ష్యం. విద్యుత్ వాహనాల మోటార్లు, గాలిమరల జనరేటర్లు, హార్డ్ డిస్కులు, స్పీకర్లు, వైద్య పరికరాలు శాశ్వత అయస్కాంతాల మీద ఆధారపడి ఉన్నాయి. అందువల్ల ఇది ప్రయోగశాలల ఆసక్తితో ఆగిపోయే విషయం కాదు. దేశాల పారిశ్రామిక స్వావలంబన దీనితో ముడిపడి ఉంది.

అన్వేషణకు కారణం

విరళ మృత్తికలు భూమి పొరల్లో నిజానికి అంత అరుదు కాదు. సీరియం దాదాపు రాగి దొరికినంతగా దొరుకుతుంది. అయితే ఇవి ఒకచోట చిక్కగా పోగుపడి ఉండవు. ఒకదాన్నుంచి ఒకటి విడదీయడానికి వందలాది దశల రసాయన ప్రక్రియ కావాలి. మోనజైట్ వంటి ఖనిజాల్లో థోరియం కలిసి ఉండటంతో రేడియోధార్మిక వ్యర్థాల సమస్య కూడా ఎదురవుతుంది. చైనాలోని బయాన్ ఓబో గనుల చుట్టూ పేరుకున్న వ్యర్థాలు, మయన్మార్ కచిన్ ప్రాంతంలో రసాయనాలతో కొండలను కరిగించి తీస్తున్న డిస్ప్రోసియం, టెర్బియం ఈ పరిశ్రమకు మనుషులు, నేల చెల్లిస్తున్న మూల్యాన్ని చూపిస్తాయి.

సరఫరా చిక్కు అంతకంటే తీవ్రమైనది. ప్రపంచంలో తయారయ్యే విరళ మృత్తిక అయస్కాంతాల్లో సుమారు 90 శాతం చైనాలోనే తయారవుతున్నాయి. 2010 సెప్టెంబరులో సెంకాకు దీవుల దగ్గర చైనా చేపల పడవ జపాన్ తీర రక్షక నౌకలను ఢీకొన్న ఘటన తరువాత చైనా నుంచి జపాన్‌కు ఎగుమతులు నిలిచాయి. 2011 నాటికి నియోడిమియం, డిస్ప్రోసియం ధరలు అనేక రెట్లు పెరిగాయి. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు మధ్య, భార విరళ మృత్తికలతో పాటు వాటితో చేసిన అయస్కాంతాల ఎగుమతిపైనా అనుమతుల నిబంధన పెట్టింది. దాంతో యూరప్, జపాన్, భారత్‌లలోని వాహన కర్మాగారాలకు కొరత సెగ తగిలింది. ఒక విద్యుత్ కారుకు ఒకటి రెండు కిలోల అయస్కాంతం చాలు. గేర్లు లేని సముద్ర గాలిమరకు మాత్రం మెగావాటుకు సుమారు 600 కిలోలు కావాలి.

అయస్కాంత బలానికి ఆధారాలు

మంచి శాశ్వత అయస్కాంతానికి మూడు గుణాలు ఉండాలి. మొదటిది అధిక అయస్కాంతీకరణం, అంటే పదార్థంలోని పరమాణువుల అయస్కాంత భ్రామకాలన్నీ కలిసి ఇచ్చే మొత్తం బలం. రెండోది కోయర్సివిటీ, అంటే బయటి నుంచి వచ్చే ఎదురు క్షేత్రాన్ని తట్టుకుని తన దిశను నిలుపుకునే శక్తి. మూడోది ఎక్కువ క్యూరీ ఉష్ణోగ్రత, అంటే వేడెక్కినా అయస్కాంతత్వం పోకుండా ఉండటం. మొదటి రెండింటి ఫలితాన్ని కలిపి చెప్పే కొలమానమే గరిష్ఠ శక్తి లబ్ధం. దాన్ని ఘనపు మీటరుకు కిలోజౌల్స్‌లో చెబుతారు. మామూలు ఫెర్రైట్ అయస్కాంతానిది 30 నుంచి 40. నియోడిమియం అయస్కాంతానిది 400 దాటుతుంది.

అయస్కాంతీకరణం విషయంలో ఇనుముకు విరళ మృత్తికల సాయం అవసరం లేదు. శుద్ధమైన ఇనుము సంతృప్త అయస్కాంతీకరణం 2.15 టెస్లా, నియోడిమియం-ఇనుము-బోరాన్ సమ్మేళనానిది 1.61 టెస్లా మాత్రమే. ఇనుము, కోబాల్ట్ మిశ్రమం దాదాపు 2.45 టెస్లా వరకూ వెళ్తుంది. ఇనుములో లేనిది పట్టు. దాని స్ఫటికంలో అన్ని ప్రధాన దిశలూ దాదాపు సమానమే కాబట్టి చిన్న ఎదురు క్షేత్రానికే భ్రామకాలు తిరిగిపోతాయి. విరళ మృత్తిక పరమాణువుల్లోని 4ఎఫ్ ఎలక్ట్రాన్ల మేఘం గుండ్రంగా ఉండదు. చుట్టూ ఉన్న స్ఫటికం ఆ మేఘాన్ని ఒకే దిశలో బిగించి పట్టుకుంటుంది. భ్రామకాలు స్ఫటికంలో ఒక దిశకే మొగ్గు చూపే ఈ గుణాన్ని ఎనైసోట్రోపీ అంటారు. నియోడిమియం సమ్మేళనంలో ఇది ఇనుములో కంటే సుమారు వంద రెట్లు.

విరళ మృత్తికలు అయస్కాంతానికి ప్రధానంగా ఇచ్చేది ఈ పట్టునే. వాటిని తీసేస్తే పట్టును మరోచోట సంపాదించాలి. స్ఫటికంలో పరమాణువుల అమరిక, కణం ఆకారం, రెండు పదార్థాల సరిహద్దు అనే మూడు చోట్ల అది దొరికే వీలుంది. ఈ మూడింటినీ నానోమీటరు స్థాయిలోనే అదుపు చేయాలి.

చరిత్ర

1917లో జపాన్ శాస్త్రవేత్త కొటారో హోండా కోబాల్ట్ కలిపిన కేఎస్ ఉక్కును రూపొందించారు. 1931లో టొకుషిచి మిషిమా ఇనుము, నికెల్, అల్యూమినియంలతో చేసిన ఎంకే ఉక్కు ఆల్నికో అయస్కాంతాలకు దారి చూపింది. 1950ల ఆరంభంలో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాల బేరియం హెక్సాఫెర్రైట్‌ను తెచ్చింది. చవకగా దొరికే ఐరన్ ఆక్సైడ్‌తో చేసే ఫెర్రైట్లే నేటికీ బరువు లెక్కన ప్రపంచంలో అత్యధికంగా తయారవుతున్న శాశ్వత అయస్కాంతాలు.

విరళ మృత్తికల యుగం 1960లలో కార్ల్ స్ట్ర్నాట్ అమెరికాలో సమేరియం-కోబాల్ట్ మీద చేసిన పరిశోధనతో మొదలైంది. 1978లో జైర్ (నేటి కాంగో) దేశపు షాబా రాష్ట్రంలో జరిగిన ఘర్షణల వల్ల కోబాల్ట్ ధర ఒక్కసారిగా పెరిగింది. కోబాల్ట్ అవసరం లేని అయస్కాంతం కోసం వెతుకులాట ముమ్మరమైంది. 1983లో సుమిటోమో స్పెషల్ మెటల్స్‌లో మసాతో సగావా, జనరల్ మోటార్స్‌లో జాన్ క్రోట్ వేర్వేరు పద్ధతుల్లో నియోడిమియం-ఇనుము-బోరాన్ అయస్కాంతాన్ని వెల్లడించారు. నేడు మనం ప్రత్యామ్నాయం వెతుకుతున్న ఈ అయస్కాంతమే ఒక ముడిసరుకు సంక్షోభానికి జవాబుగా పుట్టింది.

నానో స్థాయి ఆలోచన కూడా కొత్తది కాదు. 1950లలో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధకులు ఇనుము, కోబాల్ట్ అయాన్లను పాదరసంలోకి విద్యుత్ విశ్లేషణతో దించి, సన్నగా సాగిన కణాలను తయారుచేశారు. వాటిని సీసంలో కలిపి నొక్కి లోడెక్స్ పేరుతో అమ్మారు. ఆ బృందంలోని థామస్ పెయిన్ తరువాత, అపోలో 11 చంద్రుని మీద దిగిన కాలంలో, నాసా అధిపతిగా ఉన్నారు. పాదరసం, సీసం వల్ల వచ్చే కాలుష్యం కారణంగా లోడెక్స్ తయారీ ఆగిపోయింది.

నానో స్థాయిలో పనిచేసే సూత్రాలు

పెద్ద లోహపు ముక్కలో భ్రామకాలు వేర్వేరు దిశలకు తిరిగిన డొమైన్లుగా విడిపోతాయి. వాటి మధ్య గోడలు జరిగితే చాలు, అయస్కాంతత్వం తారుమారవుతుంది. కణాన్ని ఒక పరిమితి కంటే చిన్నదిగా చేస్తే గోడకు చోటు ఉండదు. కణమంతా ఒకే డొమైన్ అవుతుంది. ఈ పరిమితి ఇనుముకు 15-20 నానోమీటర్ల దగ్గర, కోబాల్ట్‌కు 60-70 దగ్గర ఉంటుంది. అలాంటి కణం దిశ మారాలంటే అందులోని భ్రామకాలన్నీ కలిసి తిరగాలి. దీని గణితాన్ని 1948లో స్టోనర్, వోల్‌ఫార్త్ ఇచ్చారు. కణం మరీ చిన్నదైతే గది ఉష్ణోగ్రతలోని వేడే దాని దిశను తిప్పేస్తుంది. ఆ స్థితిని సూపర్ పారా అయస్కాంతత్వం అంటారు. కాబట్టి కణ పరిమాణానికి పై హద్దూ ఉంది, కింది హద్దూ ఉంది.

ఆకారం రెండో ఆధారం. సన్నని పొడవాటి తీగలో భ్రామకాలు తీగ పొడవునే నిలవడానికి ఇష్టపడతాయి. స్ఫటికంలో పట్టు లేని ఇనుము కూడా ఈ విధంగా పట్టు సంపాదిస్తుంది. కానీ తీగలను దగ్గర దగ్గరగా పేర్చేకొద్దీ ఒకదాని క్షేత్రం పక్కదాన్ని కదిలించి, ఆకారం ఇచ్చిన లాభాన్ని హరిస్తుంది. దూరంగా పేరిస్తే మొత్తం అయస్కాంతీకరణం తగ్గిపోతుంది. ఆకారం మీదే ఆధారపడిన అయస్కాంతాలన్నిటినీ ఈ వైరుధ్యం పరిమితం చేస్తుంది.

మూడో ఆధారం సరిహద్దు. 1991లో జర్మనీకి చెందిన క్నెలర్, హావిగ్ ఎక్స్‌చేంజ్-స్ప్రింగ్ అయస్కాంతం అనే ఆలోచనను ప్రతిపాదించారు. పట్టున్న కఠిన పదార్థాన్ని, అయస్కాంతీకరణం ఎక్కువగా ఉన్న మృదు పదార్థాన్ని నానోమీటరు స్థాయిలో కలిపితే, సరిహద్దు దగ్గర ఎలక్ట్రాన్ల పరస్పర చర్య వల్ల మృదు భాగం కఠిన భాగాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. మృదు భాగం మందం సుమారు 10 నానోమీటర్లు దాటితే ఆ బంధం సడలిపోతుంది. 1993లో స్కోమ్‌స్కీ, కోయ్ వేసిన లెక్క ప్రకారం ఆదర్శ నిర్మాణంలో శక్తి లబ్ధం 1,000 కిలోజౌల్స్ దాకా పోవచ్చు. ఆ సంఖ్య ఒక తరం పరిశోధకులను ఊరించింది. ముద్ద అయస్కాంతాల్లో దాని దరిదాపులకు ఎవరూ చేరలేదు.

ప్రధాన పదార్థాలు

ఐరన్ నైట్రైడ్: పదహారు ఇనుము పరమాణువులకు రెండు నత్రజని పరమాణువులు చొప్పున క్రమంగా అమరిన ఈ సమ్మేళనాన్ని 1951లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాక్ వర్ణించారు. నత్రజని చేరడంతో ఇనుము స్ఫటికం ఒక దిశలో సాగుతుంది. అలా ఒక దిశ ప్రత్యేకమవుతుంది. 1972లో జపాన్‌కు చెందిన కిమ్, తకహాషి దీని అయస్కాంతీకరణం ఇనుము కంటే చాలా ఎక్కువని ప్రకటించారు. దాని మీద దశాబ్దాల పాటు వివాదం నడిచింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జియాన్-పింగ్ వాంగ్ బృందం ఈ పదార్థాన్ని వదలకుండా పట్టుకుని పనిచేసింది. ఐరన్ ఆక్సైడ్ నానోకణాలను హైడ్రోజన్‌లో క్షయీకరించి, తరువాత తక్కువ వేడిలో అమ్మోనియా వాయువు పంపి దీన్ని తయారుచేయవచ్చు. కావలసిన ముడిసరుకులు ఇనుము, గాలిలోని నత్రజని. దీని బలహీనత వేడి. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటాక ఇది మామూలు ఇనుముగా, మరో నైట్రైడ్‌గా విడిపోవడం మొదలుపెడుతుంది.

టెట్రాటీనైట్: ఇనుము, నికెల్ పరమాణువులు సమాన సంఖ్యలో పొరలు పొరలుగా అమరిన ఈ ఖనిజం ఉల్కల్లో దొరుకుతుంది. ఆ క్రమం సుమారు 320 డిగ్రీల లోపే నిలుస్తుంది. అంత తక్కువ వేడిలో పరమాణువులు దాదాపు కదలవు. ఉల్కల మాతృ శకలాలు లక్షల ఏళ్లపాటు మెల్లగా చల్లబడటం వల్లే ప్రకృతికి ఇది సాధ్యమైంది. 1960లలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో లూయీ నీల్ సహచరులు న్యూట్రాన్ కిరణాలతో పరమాణువులను కదిలించి ఈ క్రమాన్ని కృత్రిమంగా సాధించారు. 2017లో జపాన్ పరిశోధకులు నానోకణాల్లోకి ముందు నత్రజనిని చొప్పించి, తరువాత తీసేసే ఉపాయంతో 0.71 క్రమ పరామితి గల పొడిని తయారుచేశారు. సంపూర్ణ క్రమం అంటే 1. సిద్ధాంతం ప్రకారం ఈ పదార్థం 300 కిలోజౌల్స్ దాటగలదు. అందుకే ఇంత కష్టమైనా దీన్ని విడిచిపెట్టడం లేదు.

మాంగనీస్ మిశ్రమాలు: శుద్ధమైన మాంగనీస్ అయస్కాంతం కాదు. దాని పరమాణువులు దగ్గరగా ఉంటే ఒకదానికొకటి ఎదురుగా నిలుస్తాయి. బిస్మత్, అల్యూమినియం వంటివి చేర్చి దూరం సరిచేస్తే ఒకే దిశకు వస్తాయి. మాంగనీస్-బిస్మత్‌కు ఒక అరుదైన గుణం ఉంది. వేడెక్కేకొద్దీ దాని కోయర్సివిటీ పెరుగుతుంది. మోటార్లు వేడెక్కే 150-200 డిగ్రీల దగ్గర నియోడిమియం అయస్కాంతం బలహీనపడి డిస్ప్రోసియం ఊతం కోరుతుంది. సరిగ్గా అక్కడ మాంగనీస్-బిస్మత్ బలపడుతుంది. అయితే బిస్మత్ 271 డిగ్రీలకే కరిగి విడిపోవడం, మాంగనీస్ త్వరగా ఆక్సీకరణ చెందడం తయారీని కష్టం చేస్తాయి. మాంగనీస్-అల్యూమినియం తేలికైనది, చవకైనది. కాస్త కర్బనం కలిపితే దాని అయస్కాంత దశ స్థిరపడుతుంది. 1970లలో జపాన్‌లోని మట్సుషితా సంస్థ దీన్ని అచ్చు రంధ్రం గుండా నెట్టే వేడి ఎక్స్‌ట్రూషన్ పద్ధతిలో తయారుచేసింది.

కోబాల్ట్ నానోతీగలు, కార్బైడ్లు: షట్కోణ స్ఫటిక రూపంలోని కోబాల్ట్‌లో స్ఫటికం పట్టు, ఆకారం పట్టు ఒకే దిశలో కలిసివస్తాయి. పాలియాల్ పద్ధతిలో, అంటే గ్లైకాల్ వంటి ద్రవంలో కోబాల్ట్ లవణాలను వేడిచేసి, 10-20 నానోమీటర్ల మందం గల తీగలను పెంచుతారు. ఫ్రాన్స్‌లోని టూలూజ్ బృందం ఈ తీగలను చీపురు పుల్లల్లా ఒకే వైపు పేర్చి ఘన అయస్కాంతాలను చేసి చూపింది. 2014లో టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ బృందం కోబాల్ట్ తీగల్లో సుమారు 350 కిలోజౌల్స్ శక్తి లబ్ధాన్ని ప్రకటించింది. అది తీగల లోహానికి వేసిన లెక్క. తీగల మధ్య ఖాళీలను కలుపుకుంటే అసలు అయస్కాంతానికి అంత రాదు. వర్జీనియా కామన్‌వెల్త్ విశ్వవిద్యాలయంలో ఎవరెట్ కార్పెంటర్, శివ్ ఖన్నా బృందాలు కోబాల్ట్ కార్బైడ్ నానోకణాలను ఇదే పాలియాల్ మార్గంలో తయారుచేశాయి. కోబాల్ట్ పొరల మధ్య కర్బనం చేరి పట్టును పెంచుతుందని వారు వివరించారు. అయితే కోబాల్ట్‌లో అత్యధిక భాగం కాంగో గనుల నుంచి వస్తుంది. కాబట్టి సరఫరా సమస్య ఇక్కడా ఉంది.

ఆల్నికో, ఫెర్రైట్లు: పాత అయస్కాంతాలకు నానో విజ్ఞానం కొత్త జీవం పోస్తోంది. అయస్కాంత క్షేత్రంలో వేడి చికిత్స చేసినప్పుడు ఆల్నికోలో ఇనుము-కోబాల్ట్ కడ్డీలు పదుల నానోమీటర్ల మందంతో వాటంతట అవే ఏర్పడతాయి. దాని పట్టుకు అవే ఆధారం. కడ్డీల మందం, మధ్య పొరల కూర్పు మార్చి కోయర్సివిటీని పెంచే కృషి అమెరికాలోని ఏమ్స్ ప్రయోగశాలలో జరిగింది. 2004లో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన షిన్-ఇచి ఒకోషి బృందం ఎప్సిలాన్ ఐరన్ ఆక్సైడ్ నానోకణాల్లో సుమారు 2 టెస్లాల ఎదురు క్షేత్రాన్ని తట్టుకునే కోయర్సివిటీని కనుగొంది. దాని అయస్కాంతీకరణం చాలా తక్కువ. పట్టు ఒక్కటే ఉంటే సరిపోదని ఈ పదార్థం రుజువు చేస్తుంది.

పొడి నుంచి ముద్ద అయస్కాంతానికి

ఈ రంగంలో అసలు కష్టం కణాలను తయారుచేయడంలో లేదు. ఆ కణాలను దట్టంగా, ఒకే దిశలో, చెడిపోకుండా ఒక ముద్దగా కట్టడంలో ఉంది. నియోడిమియం అయస్కాంతాన్ని వెయ్యి డిగ్రీలకు పైగా వేడిచేసి, పొడి కణాలు అతుక్కునేలా చేసే సింటరింగ్‌తో గట్టిపరుస్తారు. ఐరన్ నైట్రైడ్, టెట్రాటీనైట్, మాంగనీస్-బిస్మత్ ఆ వేడిలో నిలవవు. వేడి తగ్గిస్తే ఖాళీలు మిగులుతాయి. పెంచితే నానోకణాలు ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవై పట్టు పోతుంది. జిగురు రెసిన్ వాడితే అయస్కాంతీకరణం పలచబడుతుంది. కణాలు ఎంత చిన్నవైతే వాటి ఉపరితలం అంత ఎక్కువ. గాలి సోకగానే ఆక్సైడ్ పొర ఏర్పడి, కణంలో గణనీయమైన భాగాన్ని తినేస్తుంది. ద్రవ మార్గంలో చేసిన కణాలను అంటుకుని ఉండే సేంద్రియ పొరను తొలగించడం మరో పని.

స్పార్క్ ప్లాస్మా సింటరింగ్, తక్కువ వేడిలో అధిక పీడనం, పేలుడు తాకిడితో నొక్కడం, వేడి ఎక్స్‌ట్రూషన్ వంటి పద్ధతులను ఈ కారణంగానే ప్రయత్నిస్తున్నారు. ప్రయోగశాలలో మిల్లీగ్రాముల్లో సాధించిన ఫలితాన్ని టన్నుల్లో సాధించడం మరో మెట్టు. పలుచని పొర మీదో, ఒంటరి తీగ మీదో కొలిచిన శక్తి లబ్ధాన్ని అయస్కాంతం బలంగా చెప్పడం ఈ రంగంలో తరచూ అపోహలకు తావిచ్చింది. పాఠకులు ఏ ప్రకటన చూసినా ఆ సంఖ్య కణానిదా, ముద్దదా అని తప్పక గమనించాలి.

కార్యక్రమాలు, పరిశ్రమ

2011లో అమెరికా ఇంధన శాఖకు చెందిన ఆర్పా-ఈ సంస్థ రియాక్ట్ కార్యక్రమం కింద ఐరన్ నైట్రైడ్, ఇనుము-నికెల్, మాంగనీస్ మిశ్రమాల పరిశోధనకు నిధులిచ్చింది. యూరప్‌లో మాడ్రిడ్‌లోని ఐఎండీఈఏ నానోసైన్స్ సంస్థ నాయకత్వంలో నానోపైమ్ ప్రాజెక్టు ఫెర్రైట్లు, మాంగనీస్ మిశ్రమాల మీద దృష్టి పెట్టింది. మిన్నెసోటా పరిశోధన నుంచి పుట్టిన నైరాన్ మాగ్నెటిక్స్ ఐరన్ నైట్రైడ్ అయస్కాంతాలను వాణిజ్య స్థాయికి తెచ్చేందుకు జనరల్ మోటార్స్, స్టెల్లాంటిస్ వంటి సంస్థల పెట్టుబడులు పొందింది. ఏటా 1,500 టన్నుల సామర్థ్యంతో మిన్నెసోటాలోని సార్టెల్‌లో కర్మాగారాన్ని తలపెట్టి, 2025లో శంకుస్థాపన చేసింది. మోటారు నిర్మాణాన్నే మార్చి విరళ మృత్తికలను తప్పించే దారిని కూడా వాహన సంస్థలు వెతుకుతున్నాయి. 2023 మార్చిలో టెస్లా తన తరువాతి తరం మోటారులో అవి ఉండవని ప్రకటించింది.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

భారత తీర ఇసుకల్లో మోనజైట్ నిల్వలు విస్తారంగా ఉన్నాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ తీరానిది ప్రధాన వాటా. కానీ మోనజైట్‌లో తేలిక రకం మూలకాలే ఎక్కువ. మోటార్ల వేడికి అవసరమైన డిస్ప్రోసియం, టెర్బియం అందులో చాలా స్వల్పం. విశాఖపట్నంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ స్థాపించిన సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారాన్ని 2023 మే 11న జాతికి అంకితం చేశారు. దాని సామర్థ్యం ఏటా 3,000 కిలోలు. హైదరాబాద్‌లోని డీఎంఆర్‌ఎల్, ఏఆర్‌సీఐ, ఎన్‌ఎఫ్‌టీడీసీ పరిశోధనా సంస్థలకు అయస్కాంత పదార్థాల్లో, పొడి లోహశాస్త్రంలో అనుభవం ఉంది. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఏటా 6,000 టన్నుల విరళ మృత్తిక అయస్కాంతాల ఉత్పత్తి సామర్థ్యం కోసం 7,280 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది.

విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి ప్రాంతాలు మాంగనీస్ గనులకు పేరుపొందినవి. ఇనుముకు దేశంలో కొదవలేదు. ముడిసరుకు దృష్టితో చూస్తే విరళ మృత్తికలు లేని అయస్కాంతం మన దేశానికి సహజంగా సరిపోయే దారి.

అంచనా

ఏ మూలకాన్ని ఎంచుకున్నా సరఫరా లెక్క చూసుకోవాల్సిందే. 2025 ఫిబ్రవరిలో చైనా బిస్మత్‌ను కూడా ఎగుమతి నియంత్రణల జాబితాలో చేర్చింది. ఇనుము, నత్రజని, మాంగనీస్, అల్యూమినియం వంటి విరివిగా దొరికే వాటి మీద నిలిచే పదార్థాలకే దీర్ఘకాలంలో విలువ ఉంటుంది.

నియోడిమియం అయస్కాంతాన్ని అన్నిచోట్లా తప్పించగల పదార్థం నేటికీ సిద్ధంగా లేదు. సమీప భవిష్యత్తులో నానో మార్గం చేరగలిగిన స్థానం ఫెర్రైట్‌కూ నియోడిమియంకూ మధ్య, అంటే 40కీ 400కీ నడుమ ఉన్న విశాలమైన ఖాళీ. ఫెర్రైట్ చాలక, తక్కువ ధరకు మరొకటి దొరకక నియోడిమియం వాడుతున్న పంపులు, ఫ్యాన్లు, స్పీకర్లు, చిన్న మోటార్లు చాలా ఉన్నాయి. వాటిలో 100-150 కిలోజౌల్స్ అయస్కాంతం చవకగా దొరికితే విరళ మృత్తికల మీద భారం చాలా తగ్గుతుంది. మిగిలిన నియోడిమియం తప్పనిసరి అవసరాలకే అందుతుంది. ఈ లక్ష్యం సాధ్యమైనదే. దాన్ని సాధించాలంటే కొత్త సమ్మేళనాల వేటకు ఇచ్చినంత ప్రాధాన్యం పొడిని ముద్దగా కట్టే తయారీ విద్యకూ ఇవ్వాలి. పొడి లోహశాస్త్రంలో దశాబ్దాల అనుభవం ఉన్న హైదరాబాద్ ప్రయోగశాలలు, లోహ పరిశ్రమలున్న విశాఖ తీరం ఈ పనికి తగిన చోట్లు. విరళ మృత్తికల కర్మాగారాలకు కేటాయిస్తున్న నిధుల్లో కొంత భాగాన్నైనా అవి అవసరం లేని అయస్కాంతాల కోసం వెచ్చించడం దేశానికి మేలు చేసే నిర్ణయం.